పొత్తు పిడికిలి

మణిశృంగ రాజ్యపు యువరాజు మణికేతుడు పొట్టేలుగా మారి అప్పటికి బారెడు పొద్దెక్కింది. ఆ బారెడు పొద్దులో అతగాడు నేర్చుకున్నది ఒక్కటే. రెండు కాళ్లకు బదులు నాలుగున్నంత మాత్రాన పరుగు రాదు; ఏది ముందు వేయాలో తెలియకపోతే నాలుగూ ఒకదానికొకటి అడ్డం పడతాయి.

అలా అడ్డం పడే ఇప్పుడు ధూమగిరి వాలు మీద దొర్లుకుంటూ దిగుతున్నాడు. వెనక గుహ ముంగిట మాంత్రికుడు భస్మజటుడు తెగిన తాడు ముక్క ఊపుతూ, "ఓరీ గొర్రెముఖమా! రాజబిడ్డవు కదా అని మెత్తని తాడుతో కడితే నమిలి పారిపోతావా!" అని గంతులు వేస్తున్నాడు. ముందేమో బలుసు పొదల చాటున ఒక తోడేలు, ఉదయపు ఫలహారం తనంతట తానే దొర్లుకుంటూ వస్తున్నందుకు మురిసిపోతూ నాలుక బయటపెట్టింది.

వేటకు వచ్చి, దాహం వేసి, ఎవరి గుహో అడక్కుండా లోపలికి చొరబడి, కుండలో నీళ్లు తాగడమే మణికేతుడు చేసిన పాపం. తాగి మూతి తుడుచుకునే లోపల భస్మజటుడు పిడికెడు బూడిద మొహాన కొట్టాడు. మాంత్రికుల జాతికి ఒక జబ్బుంది. తమ గుట్టు ఎదుటివాడికి పూసగుచ్చినట్టు చెప్పందే వాళ్లకు తిన్నది అరగదు.

"నీ రూపమంతా నీ ఒంటి మీది ఉన్నిలోకి దిగిందిరా, యువరాజా!" అని తొడ చరిచాడు భస్మజటుడు. "ఈ ఉన్నిని ఒక్క గొంగడిగా నేయించి ఎవడు కప్పుకుంటే వాడే మణికేతుడు. కప్పుకున్నాక తొలకరి వాన ఆ గొంగడిని తడిపిందా, ఇక వాడిది శాశ్వతంగా ఆ రూపమే. నేను కప్పుకుంటాను. నీ సింహాసనం ఎక్కుతాను. నువ్వు గడ్డి మేస్తూ నా ఊరేగింపు చూద్దువుగాని!"

మరి నువ్వే కత్తిరించుకోరాదా అని అడగబోయాడు మణికేతుడు. "బే" అని వచ్చింది.

"ఎందుకు కత్తిరించననా? ఇనుము ముట్టుకుంటే నా మంత్రాలు మాసిపోతాయి. కత్తెర పట్టే చేతులు కింద కంబళగిరిలో కావలసినన్ని ఉన్నాయిలే!" అని ఆ గుట్టు కూడా విప్పేసి, తాడు పేనుకోవడానికి లోపలికి పోయాడు. ఆ సందులోనే మణికేతుడు తనను కట్టిన తాడు నమిలాడు.

తోడేలు దూకింది. మణికేతుడి కాళ్లు ఈసారి ఎందుకో ఒక్కమాట మీద నిలబడ్డాయి. రాయి నుంచి రాయికి, గట్టు నుంచి గట్టుకు ఎగిరి, వాగు ఒడ్డున మేస్తున్న నల్లగొర్రెల మంద నడుమ ధబ్బున పడ్డాడు. అన్నీ నల్లవే, తానూ నల్లవాడే. గొర్రెలు ఏమీ అడగలేదు. కొంచెం కొంచెం జరిగి, తమ నడుమ చోటిచ్చి, మళ్లీ చుట్టూ మూసుకున్నాయి. రాజమందిరంలో పుట్టి పెరిగినవాడికి ఆ ఇరుకులో ఉన్నంత ధైర్యం ఏనాడూ లేదు.

తోడేలు మంద అంచుకు వచ్చేసరికి, దాని ముక్కు మీద ఫెడీమని ఒక కర్ర పడింది.

"నీ పాడుగాను! పొద్దుగాల్నే తయారైనవా? పో!" అంది కర్ర పట్టిన ముసలామె. తోడేలు కుయ్యోమంటూ పోయింది.

ఆమె అయిలవ్వ. కంబళగిరి గొంగళ్లవాడకు పెద్ద దిక్కు. ఉన్ని కత్తిరించడంలో ఆమె చేతికి, మనుషుల్ని కత్తిరించడంలో ఆమె నోటికి ఎదురులేదు. మందను ఒకసారి కళ్లతో తడిమి, "గిదెవల్ది? మనది గాదే!" అని మణికేతుడి కొమ్ము పట్టుకుని లాగింది. కొమ్ము మొనకు ఒక కెంపుటుంగరం ఇరుక్కుని మెరుస్తోంది. మనిషిగా ఉన్నప్పుడు వేలికున్నదే, మారేటప్పుడు ఎక్కడికి పోవాలో తెలియక అక్కడికి ఎక్కింది.

"ఎవలో మొక్కుకొని ఇడిసినట్టున్నరు పాపం" అని అయిలవ్వ ఆ పొట్టేలును మందతో పాటే ఊళ్లోకి తోలింది.

ఆ ఊరు కంబళగిరి అని తెలియగానే మణికేతుడి గుండె అచ్చం గొర్రె గుండెలా కొట్టుకుంది. ఎందుకంటే ఆ ఊరికి అతను చేసిన ఉపకారం అంతా ఇంతా కాదు. ఏటా తొలకరి ముందు అక్కడ ఉన్ని జాతర జరుగుతుంది. పోయినేడు యువరాజు వస్తే ఊరంతా పొంగిపోయి, ఏడాదంతా నేసిన బొమ్మల గొంగడి తెచ్చి భుజాల మీద కప్పారు. ఆ ఉన్ని వాసనకు యువరాజుకు తుమ్ము వచ్చింది. తర్వాత ఇంకో తుమ్ము, దాని వెనక తుమ్ముల దండు. తుమ్ముల వేగానికి కిరీటం ఊడి దొర్లుకుంటూ పోయి గొర్రెల నీళ్ల తొట్టిలో పడింది. మంత్రులు నవ్వు ఆపుకోలేక తలపాగాల్లో మొహాలు దాచుకున్నారు. ఆ మర్నాడే చాటింపు వేయించాడు: వచ్చే ఏటి నుంచి ఉన్ని జాతర బందు, గొంగడి వాసన రాజధాని పొలిమేర దాటి రాకూడదు.

అందుకే ఇప్పుడు ఊళ్లో ఎవరి మొహంలోనూ కళ లేదు. గోడలకు వేలాడే ఉన్ని నెమళ్లు, ఉన్ని ఏనుగులు మూటల్లోకి పోతున్నాయి. మణికేతుడు తల వంచుకుని నడిచాడు. గొర్రెలు ఎప్పుడూ తల వంచుకునే నడుస్తాయి కనుక ఎవరూ గమనించలేదు.

పొద్దు నడినెత్తికి రాకముందే పల్లకి ఒకటి వాడలోకి వచ్చింది. బోయీలు నలుగురూ భస్మజటుడి పిశాచాలు. కాళ్లు వెనక్కి తిరిగి ఉండటం చేత పల్లకి ముందుకు పోతోందో వెనక్కి పోతోందో చూసేవాళ్లకు తేలలేదు. అందులోంచి జరీ తలపాగాతో భస్మజటుడు దిగాడు.

"నేను యువరాజుల వారి దూతను!" అన్నాడు మీసం దువ్వి. "కొమ్ముకు ఉంగరమున్న ఆ పొట్టేలు రాజుగారిది. దీని ఉన్ని కత్తిరించి, అదంతా ఒక్క గొంగడిగా నేయండి. వేరే ఉన్ని ఒక్క పోగు కలిసినా తలలు తీయిస్తాను. జాతర నాటికి యువరాజే స్వయంగా వచ్చి కప్పుకుంటారు. కప్పుకున్న మరుక్షణం జాతరకు అనుమతి!"

"బే! బే! బే!" అని మణికేతుడు గొంతు చించుకున్నాడు. యువరాజును నేనే, వీడు దొంగ, పట్టుకోండి అని దానర్థం.

"ఆకలైతున్నట్టుంది, ఇంత గడ్డేయుండ్రి" అంది అయిలవ్వ. తర్వాత దూత వైపు తిరిగి, "దొరా, ఒంటి ఉన్ని, ఒక్క జీవం ఉన్ని గొంగడి మంచిది గాదు. మా దిక్కు అది సచ్చినోళ్ల మీదనే కప్పుతరు. బతికున్నోళ్లది ఏ గొంగడైనా ఇంటికింత పొత్తు పిడికిలి కలవాలె" అంది.

కంబళగిరిలో అది తాతలనాటి ఆచారం. గొంగడి ఎవరిదైనా సరే, ఏకేటప్పుడు వాడలోని ప్రతి ఇల్లాలూ తన ఇంటి మంద నుంచి ఒక పిడికెడు ఉన్ని తెచ్చి కలుపుతుంది. చలి ఒంటరివాణ్ణి చూసి వస్తుందట, వాడనంతా చూస్తే జంకుతుందట.

"ఆచారమూ లేదు, గీచారమూ లేదు. రాజాజ్ఞ!" అన్నాడు భస్మజటుడు.

జాతర మాట వినేసరికి వాడ వాడంతా అయిలవ్వ మొహమే చూస్తోంది. ఆమె గుండె రాయి చేసుకుని, "సరే దొరా, మాటిస్తున్న. ఎవల ఉన్నీ కలవది" అంది.

ఇక మణికేతుడి భోగం మొదలైంది. మొదట వాగులో ముంచి తోమారు. కుంకుడు నురగ కళ్లలో పడింది. తర్వాత అయిలవ్వ వెల్లకిలా పడేసి, రెండు మోకాళ్ల నడుమ ఇరికించుకుని, కత్తెర ఆడించింది. రాజవైద్యుడు కూడా చూడడానికి మొహమాటపడే చోట్లను ఆమె వంకాయ తొడిమ తీసినంత తేలిగ్గా చక్కబెట్టింది. పని ముగిసేసరికి యువరాజు పొట్టు తీసిన చింతగింజలా మిగిలి, గాలికి గజగజ వణుకుతున్నాడు. అయిలవ్వ చూసి, తన పాత గొంగడి ముక్క ఒకటి వీపున కప్పి తాడుతో కట్టింది.

ఆ వాసనకు తుమ్ముల దండు వస్తుందని మణికేతుడు ఊపిరి బిగబట్టాడు. రాలేదు. ముక్కు గొర్రెది కదా.

కత్తిరించిన ఉన్నిని అయిలవ్వ ఇంటి వసారాలో కుప్ప పోసి, పక్కన కర్ర పట్టుకుని తానే కాపలా కూర్చుంది. మణికేతుణ్ణి ఎదురుగా గుంజకు కట్టేశారు. అందుకే తర్వాత జరిగిన ఘోరమంతా అతను కళ్లారా చూడవలసి వచ్చింది.

మొదట పక్కింటి నర్సవ్వ వచ్చింది. "వదినా, నిప్పుందా?" అని అడిగింది. అయిలవ్వ నిప్పు తేవడానికి లోపలికి పోగానే, కొంగు చాటు నుంచి ఒక పిడికెడు ఉన్ని తీసి కుప్పలో కూరింది. కుప్ప ఎత్తు పెరిగినట్టు కనిపించకుండా అందులోంచి ఒక పిడికెడు తీసి కొంగున ముడేసుకుంది. నిప్పు మాట మరిచిపోయి వెళ్లిపోయింది.

"బే!" అని అరిచాడు మణికేతుడు. నా చెవి! నా చెవి ఎత్తుకుపోతోంది!

తర్వాత ఎల్లవ్వ చల్ల కోసం వచ్చింది. ఇంకొకామె జల్లెడ కోసం, మరొకామె పోయిన కోడిని వెతుక్కుంటూ వచ్చారు. ఆ కోడి ఆమె చంకలోనే ఉంది. ప్రతి ఒక్కరూ తాను ఒక్కదాన్నే కదా, పిడికెడే కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది. ఒక పిడికెడు వేసి, ఒక పిడికెడు తీసి పోయింది. పోయిన ప్రతి పిడికెడుకూ మణికేతుడు ఒక అవయవాన్ని లెక్కగట్టి ఏడ్చాడు. ఒకామె కాస్త ఎక్కువే తీసినప్పుడు, ఏం పోయిందో ఊహించుకోవడానికి కూడా అతనికి ధైర్యం చాల్లేదు.

చివరికి వాడ నిద్రపోయే ఎండవేళ, అయిలవ్వ అటూ ఇటూ చూసింది. కాపలాకని పెట్టుకున్న కర్ర పక్కన పెట్టి, బొడ్లోంచి తానూ ఒక పిడికెడు తీసి కుప్పలో కలిపింది. ఒక పిడికెడు తీసి దాచుకుంది. పొట్టేలు నోరు తెరుచుకుని చూడటం గమనించి, "ఏం జూస్తున్నవ్? నువ్వేమన్న చాడీలు జెప్తవా?" అంది.

ఏకడం, వడకడం అయ్యాక ఉన్ని అయిలవ్వ కొడుకు కొమురెల్లి మగ్గానికి వచ్చింది. కొమురెల్లి మగ్గం గుంటలో దిగితే నేస్తాడో నిద్రపోతాడో దేవుడికే తెలియాలి. చేతిలో నాడె పోగుతో అటూ ఇటూ ఆడుతూనే ఉంటుంది, గురక వస్తూనే ఉంటుంది. మణికేతుడు పడుగును కొరికి నేత చెడగొడదామని కట్టు తెంపుకుని వచ్చాడు. పడుగుకు పట్టించిన చింతగింజల గంజి నాలుకకు తగిలింది. రాజకుమారులు షడ్రసాలు ఎరుగుదురు గానీ ఇది వాటిలో లేదు. ఒక్కసారి నాకి చూద్దామని మొదలుపెట్టి, పొద్దుగూకే దాకా నాకుతూనే ఉండిపోయాడు. కొమురెల్లి నిద్రలోనే కాలితో తన్ని, "అమ్మా, నీ పొట్టేలు గంజంతా తాగింది, మళ్ల కాయి" అన్నాడు.

జాతర రోజు వచ్చింది. ఆహా, ఆ శోభ చూడటానికి వేయి కళ్లున్నవాడికైనా ఇంకో రెండు అరువు కావాలి! మూటల్లోకి పోయిన నెమళ్లు మళ్లీ గోడలెక్కి పురి విప్పాయి. ఉన్ని ఏనుగులు బారులు తీరాయి. గాలి వీచినప్పుడల్లా వాటి చెవులు నిజంగానే ఊగాయి. వీధికి అడ్డంగా కట్టిన గొంగళ్ల తోరణాల మీద వాగులు, చుక్కలు, మందలు, మంద వెనక కర్ర పట్టిన ముసలమ్మలు మర్రి ఊడల రంగుల్లోనూ మోదుగుపూల రంగుల్లోనూ నడిచిపోతున్నట్టు కనిపించాయి. డోళ్ల మోతకు ధూమగిరి పక్షులు లేచిపోయాయి. పడమట మాత్రం తొలకరి మబ్బు ఒకటి నల్లగా తల ఎత్తి, ఇదంతా ఏమిటా అని చూస్తోంది.

పల్లకి దిగి వచ్చిన భస్మజటుడికి మబ్బును చూడగానే మొహం చేటంత అయింది. "గొంగడి తెండి! ముందు ఆ పొట్టేలును అమ్మవారికి కోసెయ్యండి!"

మణికేతుడు మెల్లగా అయిలవ్వ వెనక్కి జరిగాడు.

"కొయ్యం" అంది అయిలవ్వ.

"రాజాజ్ఞ!"

"ఏ ఆజ్ఞయినా గానీ. ఉన్నిచ్చిన జీవాన్ని ఆ యేడు కత్తి ముట్టనియ్యం. నీకు గంత కోరికుంటే కత్తి తీస్కొని నువ్వే కొయ్యి."

కత్తి అంటే ఇనుము. భస్మజటుడు చెయ్యి చాపబోయి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. "సరేలే, దాని సంగతి తర్వాత. యువరాజుల వారికి కప్పే ముందు దూత కప్పుకుని చూడాలని రాజనీతి!" అంటూ కొమురెల్లి చేతిలోంచి గొంగడి లాక్కుని తల మీదుగా కప్పుకున్నాడు.

ముందు తలపాగా కింద నుంచి యువరాజు ఉంగరాల జుట్టు నాలుగు పాయలు వచ్చాయి. భస్మజటుడు "హహ్హహ్హా!" అని నవ్వబోయాడు. ఆ నవ్వు నడుమన తెగి "బేహ్హే" అయింది. కుడిచెవి సాగి, కిందికి వాలి, కొసన చీలింది.

"అగో! చీలిన చెవి!" అని కేక పెట్టింది నర్సవ్వ. "గది మా బుడ్డిగొర్రె చెవి గదా!"

అయిలవ్వ గిరుక్కున తిరిగింది. "నీ గొర్రె చెవి గీయన కెట్ల వచ్చిందే?"

నర్సవ్వ నాలిక్కరుచుకుంది. ఈలోగా భస్మజటుడి ఎడమకాలు వంకర తిరిగి డెక్క అయింది. "అయ్యో, మా కుంటిదాని కాలు!" అని ఎల్లవ్వ నోరు జారింది. వీపున తెల్లమచ్చ తేలింది. దాన్ని గుర్తుపట్టిన ఇల్లాలు కూడా దొరికిపోయింది. అలా దగ్గొకరిది, తోకొకరిది, గజ్జి ఇంకొకరిది. భస్మజటుడి ఒంటి మీద వాడలోని మందలన్నీ ఒక్కొక్కటే బయటపడుతుంటే, ఆడవాళ్లందరి దొంగతనాలూ వరసగా బయటపడ్డాయి. ఆఖరున గడ్డం కింద రెండు తోలు లోలాకులు వేలాడాయి. మణిశృంగ రాజ్యం మొత్తం మీద లోలాకుల గొర్రె అయిలవ్వకు తప్ప ఎవరికీ లేదు. వాడంతా ఆమె వైపు చూసింది. ఆమె మబ్బు వైపు చూసింది.

మంత్రం చదువుదామని భస్మజటుడు నోరు తెరిచాడు. ఏ మంత్రం చదివినా అది బేకారమే అయింది. ఇదే అదనని మణికేతుడు నాలుగడుగులు వెనక్కి వేసి, తల వంచి, పుట్టిన తర్వాత మొట్టమొదటిసారి తన సొంత బలంతో ఒక శత్రువును కుమ్మాడు. భస్మజటుడు బంతిలా ఎగిరి అవతల పడ్డాడు. గొంగడి గాలిలో తేలి వచ్చి పొట్టేలు మీద పడింది.

కొమ్ములు జారాయి, ఉంగరం కింద పడింది. వీపు నిటారైంది. నిలబడ్డవాడు యువరాజు మణికేతుడే, కాకపోతే అక్కడక్కడ మాత్రమే. పాదాలుండవలసిన చోట డెక్కలు, ఒక చెవి మనిషిది, ఒకటి గొర్రెది, మూతి మీద ముక్కుకు బదులు తడితడిగా రెండు కన్నాలు, వెనక తోక. వీపున కట్టిన ముక్క తప్ప ఒంటి మీద వేరే బట్ట లేదు కనుక గొంగడిని ప్రాణంలా పట్టుకున్నాడు.

"నేను మీ యువరాజును! మాంత్రికుడు నన్ను పొట్టేలును చేశాడు. నా రూపం ఆ ఉన్నిలో ఉంది. మీరు దొంగిలించిన ప్రతి పిడికెడూ తక్షణం తెచ్చి ఇందులో నేయండి. ఇది రాజాజ్ఞ!" అని గర్జించాడు.

గర్జించినప్పుడు తోక ఊగింది. జాతరంతా గొల్లున నవ్వింది.

అయిలవ్వ నవ్వలేదు. దగ్గరికి వచ్చి ఎగాదిగా చూసి, "జాతర మూయించిన మణికేతుడివి నువ్వేనా?" అంది.

"...నేనే."

"ఎట్ల అడగాలెనో అట్ల అడుగు మరి."

మణికేతుడు నర్సవ్వ వైపు తిరిగాడు. గొంతులోంచి రాజు దిగిపోయాడు. "ముందొకటి చెప్పమ్మా. కలిపితే తల పోతుందని తెలిసీ ఎందుకు కలిపావు?"

"ఒంటి ఉన్ని కప్పుకున్నోడు బతకడు బిడ్డా" అంది నర్సవ్వ మొహమాటంగా. "యువరాజు కప్పుకుంటడని జెప్పిరి. మా నోట్ల మన్ను గొట్టిన ముదనష్టపోడే గనీ, ఓ తల్లి కన్న కొడుకే గద. సావనిస్తమా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లందరూ అదే మాట అన్నట్టు తలలాడించారు. మణికేతుడికి కళ్ల నిండా నీళ్లు వచ్చాయి. అంతఃపురంలో తన క్షేమం కోసం పూజలు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లందరికీ దక్షిణ ముడుతుంది. ఇలా తిట్టుకుంటూ, తలలు పణంగా పెట్టి, దొంగచాటుగా తన్ను బతికించినవాళ్లు మాత్రం వీళ్లే. గొంగడి ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి చాపాడు.

"తప్పయిపోయింది. జాతర మీది, ఏటా జరుగుతుంది. ఆపేవాడు పుట్టడు. తల్లులారా, పిడికెడు ఉన్ని పెట్టండి."

ఆ మాటతో వాడ వాడంతా ఇళ్లలోకి పరుగెత్తింది. ఒకామె పసిదాని దిండు విప్పింది, ఒకామె ఉన్ని నెమలి పొట్ట చీల్చింది. ఎల్లవ్వ మొగుడి గురక వినబడకుండా చెవుల్లో కుక్కుకున్న ఉన్ని పీకి, "గిదే నీది, ఏమనుకోకు" అని చేతిలో పెట్టింది. రాట్నాలు వీధిలోకి వచ్చాయి. కొందరు ఏకుతుంటే కొందరు వడికారు. కొమురెల్లి సూది పట్టి, యువరాజు ఒంటి మీది గొంగడిలోకే పోగులు జొప్పించడం మొదలుపెట్టాడు. అప్పుడప్పుడు కునుకు తీసి ఒంట్లో కూడా జొప్పించాడు. ఒక్కో పోగు చేరేకొద్దీ డెక్క పోయి పాదం, తోక పోయి తోక లేని చోటు వచ్చాయి. ఎల్లవ్వ పోగు చేరగానే చెవి వచ్చింది, వస్తూనే గురక వినబడింది.

"తొందరగ గానీయుండ్రి! కొత్త గొంగడి తొలివాన తడిసిందంటే బిగుసుకుంటది, ఇగ సూది దిగది!" అని అయిలవ్వ మబ్బును చూస్తూ అరిచింది. మాంత్రికుడు చెప్పిన మాట మణికేతుడికి గుర్తొచ్చింది. తడిసిన క్షణాన ఉన్న రూపమే శాశ్వతం.

అందరి పిడికిళ్లూ అయిపోయాయి. మణికేతుడు మొహం తడుముకున్నాడు. అన్నీ ఉన్నాయి. ముక్కు లేదు. ముక్కు ఉండవలసిన చోట ఇంకా అవే రెండు తడి కన్నాలు.

"ఎవరిది మిగిలింది?"

అయిలవ్వ తల గోక్కుంది. "నాదే బిడ్డా. దూతగాడు నేత జూడనీకి వచ్చిననాడు పల్లకిల గట్టిగున్నదని మూలిగిండు. పాపమని మెత్త కుట్టి ఇచ్చిన. నీ ముక్కు అండ్ల ఉన్నది."

అప్పుడు గానీ ఎవరూ పల్లకి వైపు చూడలేదు. గొంగడి పోయినా మంత్రం నోట రాక గొర్రెరూపం వదలని భస్మజటుడు ఈ సందడిలో కుంటుకుంటూ పోయి పల్లకిలోకి దూకాడు. దూకిన ఊపుకు మెత్త చిరిగి ఉన్ని మూతికి అంటుకుంది. పల్లకి కిటికీలోంచి చీలిన చెవి గొర్రెముఖం ఒకటి బయటికి తొంగిచూసింది. దాని నడిమధ్య, తరతరాల మణిశృంగ రాజుల నాణేల మీద కనిపించే కోటేరువంటి ముక్కు నిలబడి ఉంది. "బే!" అని అది ఆజ్ఞాపించింది. పిశాచాలు పల్లకి ఎత్తుకుని వెనక్కి తిరిగిన కాళ్లతో ధూమగిరి వైపు లంఘించాయి.

మణికేతుడు వెంటపడబోయాడు. టప్పున ఒక చినుకు అతని ముందు దుమ్ములో పడింది. ఇంకొకటి కొమురెల్లి బట్టతల మీద పడితే, కొమురెల్లి నిద్ర లేచాడు. గొంగడి విప్పితే మళ్లీ పొట్టేలు అవుతాడు. విప్పకపోతే తడిసి, చచ్చేదాకా గొర్రె మూతితోనే రాజ్యమేలాలి.

అయిలవ్వ తన భుజం మీది పాత గొంగడి లాగి అతని తల మీదుగా కప్పింది. నర్సవ్వ తనది తెచ్చి దాని మీద వేసింది. ఎల్లవ్వది, కోడి పోయిన ఆమెది, జల్లెడ అడిగిన ఆమెది, వరసపెట్టి వచ్చి పడ్డాయి. రాజధాని పొలిమేర దాటరాదని చాటింపు వేయించిన గొంగళ్లన్నీ యువరాజు మీద గుడారంలా నిలిచాయి. వాన వాటి పైనే జారిపోతోంది. లోపలి కొత్త గొంగడికి ఒక్క చుక్క దిగలేదు.

"వాసన గొడ్తదని బుగులు పడకు బిడ్డా" అంది అయిలవ్వ ముడి బిగిస్తూ. "ఎట్లాగూ ముక్కు లేకపాయె."

మణికేతుడు ఆ తడి కన్నాలతోనే గట్టిగా పీల్చాడు. తోడేలు తరిమిన పొద్దు తన్ను నడుమ దాచుకున్న మంద వాసన అది.

"వస్తోందవ్వా" అన్నాడు. "రానీ."

ధూమగిరి దారులన్నీ అప్పటికే వానలో కలిసిపోయాయి. కుడికి ఒక బాట, ఎడమకు ఒక బాట, నడుమ లోయ. పల్లకి ఎటు పోయిందో జాడ లేదు. మణికేతుడు గొంగళ్ల బరువుతో దారులు చీలే చోట నిలబడి చెవులు రిక్కించాడు. ఎడమ బాట పైన, మెత్తనిండా ఉన్ని ఉన్న పల్లకిలోంచి, కొండలు దద్దరిల్లేలా ఒక తుమ్ము వినబడింది. దాని వెనకే ఇంకొకటి. తన తుమ్ము తనకు తెలియదా! మణికేతుడు ఎడమకు తిరిగి పరుగు అందుకున్నాడు.